ఏమేం పగలగొట్టారు?

షెఫీల్డ్‌లో మా వీధి నిటారు.
పైన చేజారిన నారింజపండు
డోరిన్ గారి గేటుకి తగిలేదాకా ఆగదు.
ఈ వాలు మీదనుంచి
తొమ్మిదేళ్ళ సామాను అబర్డీన్ చేరాలి.
లారీ ఎవరిదో ముందు తేలాలి.

మొదటివాడు ఫోన్లోనే తేల్చేశాడు.
"రెండు పడగ్గదులేగా, ఎనిమిది వందలు.
ఇవాళే పంపితే ఏడొందలు."
మెట్లెన్నని అడగలేదు.
సందులో లారీ తిరుగుతుందా అని అడగలేదు.
ఆఫీసెక్కడంటే
మొబైల్ నంబరు చెప్పాడు.
భానోజీ మొహం మాత్రం వెలిగింది:
"బేరమంటే ఇదీ!"

రెండోవాడు టై కట్టుకొచ్చాడు.
పలకలాంటి దానిలో చుక్కలు చూపించాడు,
ఒక్కో మెప్పుకీ అయిదేసి.
ఇంతవరకు ఏమేం పగలగొట్టారని అడిగాను.
చెవులు మూసుకున్నంత పని చేశాడు.
"పద్నాలుగేళ్ళలో ఒక్క గ్లాసు కూడా లేదండీ!"
పద్నాలుగేళ్ళు.
మా ఇంట్లో గిన్నెలు తోమేది మేమిద్దరమే,
నెలకో గ్లాసు మాకే పోతుంది.

మూడోవాడు క్లిఫ్. అరగంట ఆలస్యం.
వానలో తడిసొచ్చి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు,
చిరుగు మేజోడులోంచి బొటనవేలు తొంగిచూసింది.
వెంట మేనల్లుడు ఏరన్, నోట్లో పెన్సిలు.
ఎక్కుతూ మెట్లు లెక్కపెట్టాడు, పదమూడు.
నమ్మకం చాలక దిగుతూ మళ్ళీ లెక్కపెట్టాడు.
అటక తలుపు తోసి టార్చి వేశాడు,
మోకాళ్ళ మీద వంగి మంచం కింద చూశాడు,
భానోజీ ఎన్నడూ తొక్కని వ్యాయామం సైకిల్ని
బట్టలారేసే దండెమని రాయించాడు.
బీరువాకి కొలతటేపు పెట్టి
"విప్పితేనే దిగుతుంది, లవ్" అన్నాడు,
ఇక్కడ బస్సు కండక్టరు దగ్గర్నుంచి అందరూ అందర్నీ అనే ఆ మాటతో.

అతన్నీ అదే అడిగాను.
కుర్చీ లాక్కుని కూచున్నాడు.
"ఓ గోడగడియారం, రాథరమ్‌లో. లోలకం ఊడింది.
ఓ చేపలతొట్టి. చేపలు బతికాయి.
పియానో కాలొకటి, అది వీడి చలవ."
ఏరన్ పెన్సిలు కొరికాడు.
"ఓ అద్దం..."
కాసేపు ఏమీ అనలేదు.
"బీమావాళ్ళు డబ్బిచ్చారు. ఆవిడ చెక్కు తీసుకుని
మా ఇద్దరికీ టీ పెట్టింది.
తిట్టి ఉంటే బాగుండేది."

ఆ రాత్రి గ్యాసు బిల్లు వెనక
భానోజీ తీసివేతలు వేస్తూనే ఉన్నాడు.
ఏడొందలకీ పదిహేను వందల నలభైకీ మధ్య
ఎంత దూరమో
మూడు రకాలుగా చూపించాడు.
"అద్దం పగలగొట్టానని చెప్పినవాడికి
ఎదురు డబ్బిచ్చి పిలుస్తావా?"

నేను పనిచేసే మందులషాపులో
కౌంటరు వెనక ఒక పుస్తకముంటుంది.
గుమ్మం దాటకముందే పట్టుకున్న పొరపాట్లు అందులో రాస్తాం:
అయిదు మిల్లీగ్రాముల చోట యాభై,
ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పెద్దాళ్ళ సంచులు తారుమారు.
ఏ వారమైనా పేజీ తెల్లగా ఉంటే
మా పెద్ద ఫార్మసిస్టు మురిసిపోదు.
కళ్ళజోడు సవరించుకుని
"ఎవరు రాయడం మానేశారు?" అంటుంది.

ఇదంతా భానోజీకి చెప్పలేదు.
చెబుదామనుకునేలోపు గురకపెట్టాడు.
పొద్దున్నే క్లిఫ్‌కి ఫోన్ చేశాను.

అబర్డీన్‌లో రాతి ఇళ్ళు, ఉప్పగా గాలి.
దించడం అయ్యాక,
సంతకానికి కాగితం ఇచ్చేముందు,
క్లిఫ్ నన్ను మూలకి పిలిచాడు.
మేమింకా ఒక్క పెట్టే విప్పలేదు.
బల్లదీపం తిరగేసి పట్టుకున్నాడు.
పింగాణీ అడుగున వెంట్రుకంత బీట.
డండీ దాటాక గుంతలో పడ్డామని,
ఆ చప్పుడు తను విన్నాడని.

భానోజీ నావైపు చూశాడు.
నేను ప్లగ్గు కోసం గోడంతా వెతికాను.
వెలిగింది.

ఆ వెలుతురులోనే ఏరన్
పెన్సిలుతో ఏదో రాసుకున్నాడు.
ఏ ఊళ్ళోనో, ఎవరింటి మెట్ల దగ్గరో
ఇంకెవరైనా అడిగితే చెప్తారు కాబోలు:
గడియారం, తొట్టి, పియానో కాలు, అద్దం,
తర్వాత మా దీపం.