కొట్టివేతల బహుమతి

గుంటూరులో మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో
ముప్ఫై నాలుగేళ్లు బ్యూరెట్లు కడిగిన సిలార్ సాహెబు
రిటైరైన రోజు, శాలువా భుజం మీంచి జారుతుండగా
ప్రిన్సిపాల్ గారి చేతిలో ఒక కవరు పెట్టాడట.
లోపల నలభై వేల డిపాజిట్ కాగితం,
వెనకవైపు పెన్సిలుతో రెండు ముక్కలు:
"వడ్డీ ఏటా ఒక బిడ్డకివ్వండి.
మార్కులు చూడొద్దు, రికార్డులో కొట్టివేతలు చూడండి."

కమిటీ వాళ్లకి అంతుపట్టలేదు.
మూడేళ్లు ఆ వడ్డీ బ్యాంకులోనే నిద్రపోయింది.

నాకీ సంగతి తెలీదు.
నాకు తెలిసింది వార్డు సచివాలయం కిటికీ.
స్కాలర్‌షిప్పు కావాలంటే అమ్మ వేలు మిషను ఒప్పుకోవాలి.
అమ్మ ఏటుకూరు రోడ్డులో పదహారేళ్లుగా
మిరపకాయలకి తొడిమలు తీస్తోంది.
బొటనవేలి మీద గీతలు ఏ టిక్కీలో రాలిపోయాయో,
మిషను ఎర్రలైటు వేసింది.
చెంగుకి తుడుచుకుని పెట్టింది. ఎర్రలైటు.
కొబ్బరినూనె రాసుకుని పెట్టింది. ఎర్రలైటు.
"మీరు మీరు కాదంటోందమ్మా" అన్నాడు కుర్రాడు,
నవ్వించడానికే అన్నాడు పాపం.
అమ్మ నవ్వింది కూడా.

మర్నాడు ప్రాక్టికల్సు. నీటి కాఠిన్యం.
ఎవరింటి నీళ్లు వాళ్లే తెచ్చుకోమన్నారు మేడం.
నేను మా కాలనీ బోరు నీళ్లు కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్లాను.
ద్రాక్షపండు ఎరుపు నీలమయ్యే చోట ఆపాలి,
ఒక్క చుక్క ముందూ కాదు, వెనకా కాదు.
నాకు పంతొమ్మిది పాయింట్ ఏడు దగ్గర నీలమైంది.
బల్ల మీద మిగతా అందరికీ పన్నెండు పాయింట్ నాలుగు,
సీనియర్ల రికార్డుల్లోంచి దిగుతూ వస్తున్న పన్నెండు పాయింట్ నాలుగు,
ఇంటిపేరులాగా.

నేనూ పన్నెండే రాశాను.
అబద్ధమెందుకు, సిరా ఆరిందాకా చూశాను కూడా.
తర్వాత, నా నీళ్లు నా నీళ్లు కావని
నేనే అనడమేంటనిపించి
ఒక్క గీతతో కొట్టేసి పక్కన నిజం రాశాను.

మేడం ఎర్రపెన్నుతో సున్నా చుట్టి
మళ్లీ చెయ్యమన్నారు.
పంతొమ్మిది పాయింట్ ఆరు.
మళ్లీ. పంతొమ్మిది పాయింట్ ఏడు.
చివరికి ఆవిడే కొంగు బిగించి నిలబడ్డారు,
ఆవిడ చేతిలోనూ అంతే వచ్చింది.
సీసాని వెలుతురుకెత్తి అడిగారు:
"ఇవే తాగుతారా?"
"క్యాను కొన్నరోజు క్యాను నీళ్లండీ."
ఆమె ఇంకేమీ అడగలేదు.
సాయంత్రం బీరువాలో ఆ కవరు కోసం వెతికారట.

బహుమతుల రోజు
లెక్కల్లో ఫస్టొచ్చిన హేమలతకి వెండి పతకం,
ఫిజిక్సు రిజ్వానాకి కప్పు, పూలదండ, ఫోటో.
నా పేరు దీవెన. మైకులో దీపన అని పిలిచారు.
నేనేనా కాదా అని ఒక్క క్షణం ఆలోచించి లేచాను.

సిలార్ సాహెబు చెక్కు ఇవ్వలేదు వెంటనే.
నా రికార్డు ఒళ్లో పెట్టుకుని
కొట్టేసిన గీత మీద వేలు పెట్టి
తలెత్తకుండానే అడిగాడు:
"బ్యూరెట్ కడిగావా?"
"రెండుసార్లండీ."
"దేంతో?"
"నీళ్లతో ఒకసారి. పోసే ద్రావణంతో ఒకసారి."
"ఊఁ" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్ల ఊఁ.

నాలుగేళ్ల వడ్డీ, పదకొండు వేల రెండొందలు.
పరీక్ష ఫీజు పోను, కాలిక్యులేటరు పోను,
అమ్మ చేతులకి రబ్బరు తొడుగులు కొన్నాను.
ఊపిరాడటం లేదని రెండోరోజే విప్పేసింది.

సచివాలయంలో అర్జీ ఇంకా పెండింగే.
కాలేజీ ఆఫీసులో మాత్రం
రసీదు మీద గార్డియన్ గడిలో
అమ్మ స్టాంపుప్యాడు మీద వేలద్ది నొక్కింది.
గీత ఒక్కటీ పడలేదు.
నున్నటి నీలం మచ్చ.
గుమాస్తా దాని మీద ఊది ఆరబెట్టి
ఫైల్లో పెట్టుకున్నాడు.