ఊరికే పడవ

మొంబాసా కోట టికెట్ ధర చదివి
"గోడ బయట్నుంచీ గోడే" అంది జుహూరా.
నీడ ఉన్నంత మేరా తిరిగాం.
ఫిరంగి నోట్లో కాకి కాపురం.

ఇద్దరి దగ్గరా కలిపి రెండొందల షిల్లింగులు.
ఒక బోండాం, రెండు గొట్టాలు.
లేత కొబ్బరి దగ్గర మాత్రం
స్నేహం కాస్త వెనక్కి తగ్గింది.

నడిచెక్కేవాళ్ళకి లికోని పడవ ఊరికే.
దాటాం, దిగాం, మళ్ళీ ఎక్కాం.
మేకతో ఒకాయన, మంచం మోస్తూ ఇద్దరు,
నిలబడే కునుకు తీస్తున్న నర్సు.
మూడోసారికి గేటు దగ్గరి ముసలాయన
"ఏం పారేసుకున్నారమ్మా?" అన్నాడు.

జుహూరా నవ్వలేదు.
పన్నెండేళ్ళుగా ఈ పడవలోనే పనికెళ్తోంది,
చేతి గడియారం చూసుకుంటూ.
"నఫూలా, ఓడలు ఇంత దగ్గర్నుంచి వెళ్తాయా!" అంది
కమ్మీ వదలకుండా.

దిగాల్సొచ్చినప్పుడు
చెయ్యి పట్టి లాగాను.