రసమట్టం

వాల్పరైసో కొండమీద
మేకులు కొట్టి బతుకుతాను.
ఇక్కడ రేకు వెనక మట్టి ఉంటుంది,
మట్టి వెనక ఎప్పుడో విప్పేసిన ఓడ చెక్క.
మేకు ఎక్కడ కరుచుకుంటుందో
ఎక్కడ ఎలక కన్నంలోకి జారిపోతుందో
కళ్ళకంటే ముందు మణికట్టుకు తెలుస్తుంది.
ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు గదా,
నాకు గోడ చాలు.

ఎర్సీలియా బర్రియెంతోస్
తొమ్మిది అట్టపెట్టెలతో పైవాటాలో దిగింది.
నలభై ఏళ్ళు రేవు కస్టమ్స్‌లో
ఊళ్ళోవాళ్ళ సామానుకి పట్టీలు రాసిన చెయ్యి.
తన పెట్టెల మీద మాత్రం ఒక్క అక్షరం లేదు.
ఏది ఎందులో ఉందో
వాసన చూసి చెప్పేది.

ముందు తాళంచెవులు తీసింది.
పదకొండు.
మారిన ప్రతి అద్దింటిదీ ఒకటి
ఇవ్వకుండా దాచేసిందట.
"దొంగతనం కదండీ" అన్నాను.
"తలుపులు వాళ్ళకే వదిలేశాను కదా" అంది.
కిటికీ పక్కన పదకొండు మేకులు కొట్టాను.

తరవాత ఒక చెక్క గరిటె.
అంచు ఒకవైపే అరిగింది, అదీ తప్పువైపు.
చెల్లెలు ఒతీలియాది ఎడమచేతి వాటం.
"చేత్తో పట్టుకో" అంది.
పట్టుకున్నాను.
నా కుడిచేతిలో అది కుదురుగా నిలబడలేదు.
పొయ్యి పైన తగిలించాను,
పిడి ఎడమకి తిప్పి.

ఆఖర్న పెయింటింగ్.
ఆవిరి ఓడ. జెండా తూర్పుకి ఎగురుతోంది,
పొగ పడమటికి పోతోంది.
"ఇందులో గాలి ఎటు వీస్తోందమ్మా?"
"గీసింది రొట్టెలవాడు.
పేకాటలో ఓడిపోయి, డబ్బుకి బదులు ఇచ్చాడు.
మా నాన్న పొద్దున్నే బూట్ల తాడు కట్టుకుంటూ
దీన్ని చూసి ఒకసారి నవ్వేవాడు.
ముప్ఫై ఏళ్ళు. అదే నవ్వు."

రసమట్టం పెట్టాను. బుడగ నట్టనడుమ నిలిచింది.
దిగి వెనక్కొచ్చి చూస్తే
పటం వంకరగా ఉంది.
నేల సముద్రంవైపు ఒరిగింది, చూరూ ఒరిగింది,
కిటికీ కూడా వాటితో పాటే.
వీటి మధ్య ఓడొక్కటే
పెళ్ళింట్లో పంతులుగారిలా నిటారుగా.
"పాపం, దాన్ని వేరు చెయ్యకు డోన్ కసిమీరో,
అందరితో పాటు వంచు."
రసమట్టం జేబులో పెట్టుకుని
వేలెడు వంచాను.
ఆ రోజు ఇంటికెళ్ళి
నా గోడలకేసి చూశాను. క్యాలెండరు.
అదీ పోయినేడాదిది.

గురువారం తెల్లారుజామున
భూమి ఒళ్ళు విరుచుకుంది.
ముందు కుక్కలు, వెంటనే గ్లాసులు,
ఆ తరవాత మా ఆవిడ నా పేరు.
పెద్దదేం కాదు, ఎవరికీ ఏమీ కాలేదు.
కానీ పొద్దుటికల్లా కొండకొండంతా
పటాలు పక్కకి తిరిగిపోయాయి.
పన్నెండు ఇళ్ళవాళ్ళు ఫోన్ చేశారు.
నిచ్చెన భుజానేసుకుని మెట్లెక్కుతుంటే
నాకు పండగలాగే ఉంది, అబద్ధమెందుకు.

ఎర్సీలియా ఇంట్లో కప్పులన్నీ క్షేమం.
ఒక్కొక్కదాని అడుగున
కొవ్వొత్తి మైనం అద్ది పెట్టింది.
తాళంచెవుల్లో ఒకటి ఇంకా ఊగుతోందనిపించింది,
గాలికేమో.
ఆవిడ మాత్రం నడుం మీద చేతులేసుకుని
ఓడ ముందు నిలబడి ఉంది.
"చూడు ఏం చేసిందో."
రసమట్టం పెట్టాను.
బుడగ నట్టనడుమ.

నవ్వుకుంటూ మళ్ళీ వంచాను.
డబ్బు తీసుకోనన్నాను,
భూకంపం పనికి నేనెలా కూలి అడుగుతాను?
కాఫీ పోసింది.
తాగుతుండగా గోడ చూపించింది,
పదకొండో తాళంచెవి పక్కన జాగా.
"ఇక్కడొకటి కొట్టెయ్.
ఈ ఇంటిది డూప్లికేటు చేయించాలి,
యజమానికి చెప్పకు."

ఆవిడకి డెబ్బై ఏడు.
ఎప్పుడు ఖాళీ చేస్తారని అడగలేదు.
డబ్బాలో వెతికి
మిగతావాటికంటే కాస్త పొడుగు మేకు తీశాను.
ఓడ చెక్క దొరికేదాకా దించాను.