చోటు చాలదు

పొద్దున్నే చెప్పింది ఫోను, చోటు చాలదని.
కొంగారెడ్డిపల్లెలో ఈ రెండు గదుల ఇంట్లో
ఆ మాట కొత్తదేం కాదు.

సంగటి గెలికి మూత పెట్టి
మిద్దె మెట్ల మీద కూర్చున్నా, తుడిచేద్దామని.
మూడువేల నూటపన్నెండు.
సగానికి పైన జున్నే.
పిల్లి అని కూడా చెప్పలేం:
తోక కొన, చెవి కొన, కదిలిపోయిన తెల్లటి మసక,
గోడ మీంచి అది దూకినాక మిగిలిన గోడ.

రాగి అట్లా కాదు.
సంగటి రంగులో ఉండాదని మా ధరణి పెట్టిన పేరు.
ఫోను ఎత్తితే చాలు,
నాలుక లోపల పెట్టుకోని
కవాతులో పోలీసు మాదిరి గమ్ముగా నిలబడతాది.
మా అత్త కుప్పమ్మా అంతే.
ఫోటో అంటే కొంగు సవరించి
రేషన్ కార్డుకు తీసినట్టు బిగుసుకుపోతాది.
"పండ్లు కనపడకూడదు" అంటాది,
ఎవురు చెప్పినారో.

ఒకటొకటే నొక్కి తుడిచేస్తా పోయినా.
తోక. పో.
మసక. పో.
మళ్ళా తోక.
వేలు ఆగింది.

తోక వెనక తలుపు,
తలుపు వెనక వంటిల్లు,
వంటింట్లో మా అత్త, ఊరిబిండి నూరతా నూరతా
తల వెనక్కి వాల్చి నవ్వతా ఉండాది,
పండ్లన్నీ కనపడేట్టు. మూడు లేవు.
ఆ పొద్దు నేనేమన్నానో
ఎంత గింజుకున్నా గుర్తు రావడంలే.

అప్పట్నించి పిల్లిని చూడ్డం మానేసి
పిల్లి వెనక చూడ్డం మొదలుపెట్టినా.

బీరువా కింద దూరిన జున్ను.
పక్కన మునిరత్నం అరికాళ్ళు.
గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
బెంగళూరా కాయల సీజన్ అయిపోయేదాకా
మడమ పగుళ్ళలో ఆ పసుపు పోదు.
తలకాయ ఫోటోలో పడలా.
ఎంత నిద్రలో ఉండాడో కాళ్ళే చెప్తాయి.

కిటికీలో జున్ను.
బయట తీగ మీద ఆరేసిన చిన్న గౌను,
ధరణి ఎల్కేజీది.
ఇప్పుడది మసిగుడ్డ,
ఇందాక సంగటి దించింది దాంతోనే.

టీవీ మీద జున్ను.
ఆ టీవీ లేదిప్పుడు,
పాత సామాన్లోడు రెండొందలిచ్చి ఎత్తకపోయినాడు.
ఉత్త గోడ దగ్గర జున్ను ఈరోజుకీ
నడుము వంచి, ఎత్తు కొలుచుకోని,
దూకబోయి ఆగతాది.

నేను యాడా లేను.
తీసేదాన్ని నేనే గదా.
రాగి ముక్కు మీద పడిన పొడుగాటి నీడ ఒకటి,
జడను బట్టి
అది నేనే అనుకుంటా.

ఇంకా కిందికి పోతే
పోయినేడు ఆడికృత్తిక నాటివి, వరసగా అరవై మూడు.
ధరణి చేతికి ఫోను చిక్కిన రోజు.
నేల. నేల.
రాగి ముక్కు రంధ్రాలు.
ఫ్యాను రెక్క.
దానిదే బొటనవేలు, ఎర్రగా, లోపల దీపం పెట్టినట్టు.
రాగి నోట్లో చెప్పు, నాది.
ఆ తర్వాతది నేను.

కింద నుంచి తీసింది:
గడ్డం, ముక్కుపుడక, ముడి ఊడిన జుట్టు,
చేతిలో రెండో చెప్పు,
నోరు బార్లా తెరిచి అరస్తా ఉండా,
కుక్కనో, బిడ్డనో.
ఇంత పెద్దగా ఉంటానా నేను
దాని కళ్ళకి,
తల పోయి ఫ్యానుకు తగిలేంత?
సిగ్గేసింది. తుడవలేదు.

కరెంటు బిల్లులు తుడిచినా,
మా ఆడబిడ్డ పంపే శుభోదయం గులాబీలు తుడిచినా.
మొత్తం పదకొండు.

అంతలో మెట్టు మీదికి జున్ను వచ్చి
ముందుకాళ్ళు చాపి ఒళ్ళిరుచుకుంది.
ఎప్పుడూ ఇంతే, ఎత్తేలోపల పోతాది.
ఎత్తినా. నొక్కినా.
తోక.

తోక వెనక, మెట్ల కింద
ఎవురో ఎక్కి వస్తా ఉండారు,
చేతిలో క్యారియరు,
మొగం ఇంకా తేటగా పడలేదు.