అప్పు పీరియడ్

మంగళ, శుక్రవారాలు ఆఖరి పీరియడ్ ఆటలు.
టైం టేబుల్లో ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రాసుంటుంది.
పదకొండేళ్లు ఆ పచ్చికని మేసింది నేనే.

"మాస్టారూ, సిలబస్ అవలేదు, ఈ ఒక్కసారికీ"
అని నేనంటే చాలు
సన్నిబాబు గారు విజిల్ జేబులో వేసుకుని
స్టాఫ్ రూం మూలకి పోయి
గాలి దిగిన వాలీబాల్ పక్కన
గాలి దిగినట్టే కూర్చునేవారు.

కిటికీ అవతల జాలారిపేట,
ఆరేసిన వలల వాసన, సముద్రం.
ఇవతల నలభై రెండు మంది,
త్రికోణమితి.

మూడో బెంచీ ఎల్లాజీ
కంపాస్ ముల్లుతో బల్లని చెక్కేవాడు.
మొదట పడవ. మర్నాడు దానికో తెడ్డు.
ఆ పై వారం, ముందు కూర్చున్నవాడి వీపు.
ఎన్నిసార్లు నిలబెట్టానో,
గోడకేసి, ఎండలో, నా కుర్చీ పక్కన.
"కాళ్లల్లో సీమలు పాకతన్నాయి మేడమ్" అన్నాడోసారి.
పొగరనుకుని రెండు తగిలించాను.
ఆ రెండూ ఇంకా నా అరచేతిలోనే ఉన్నాయి.

కిటికీ పక్క హైమావతి మీద మాత్రం
ఎవ్వరికీ ఫిర్యాదు లేదు.
పరీక్షకి ముందు గోళ్లు
రక్తం కనబడేదాకా కొరుక్కునేది.
రాత్రి రెండింటికి నిద్రపట్టని పిల్లని
బుద్ధిమంతురాలు అని రిజిస్టర్లో రాశాను.

ఆ ఏడు తుపానుకి మా గది రేకులు లేచిపోయాయి.
నెల రోజులు గోడల్లేవు, బోర్డు లేదు.
ఉన్నదంతా ఇసుక.
సన్నిబాబు గారు నన్నడక్కుండా
మొదటిసారి విజిల్ ఊదారు.

ఈ పడవ నుంచి ఆ పడవ దాకా,
మళ్లీ వెనక్కి.
హైమ చున్నీ నడుముకి బిగించింది.
ఆ అమ్మాయికి అంత గొంతుందని
ఆ రోజే తెలిసింది, కేకలేస్తుంటే.
నోటుబుక్కులో తప్పుల తడక ఎల్లాజీ
ఇసుక మీద ఒక్క అచ్చుతప్పు లేకుండా పరిగెత్తాడు.

తర్వాత పడవ నీడలో కూర్చున్నారు.
చెమట బొట్లకి సిరా పాకిపోయిన పేజీలు.
ఒక ఇరవై నిమిషాలు,
నిజంగా అంతే,
నేను ఎవ్వర్నీ "ష్" అనలేదు.
అప్పుడు వాడు చెయ్యెత్తి యారాడ కొండ వైపు చూపించాడు.
"ఆ లైట్ హౌసు కాడికి ఎల్లకుండానే
దానెత్తు ఎంతో సెప్పీగలమా మేడమ్?"
అదేగా నేను ఆర్నెల్లుగా చెప్తున్నది!
కానీ వాడి నోట అది ప్రశ్న అయింది.

అద్భుతమేం జరగలేదు.
వాడికి క్వార్టర్లీలో నలభై ఒకటి.
కబడ్డీలో పెదవి చిట్లించుకుని
ఉప్పునీళ్లతో కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.
ముల్లు మాత్రం డబ్బాలోనే ఉంది.

హైమ వాళ్లమ్మ చేపల తట్టతోనే వచ్చింది, గాభరాగా.
"ఏటి మందిచ్చారమ్మా నా గుంటకి?
తొమ్మిదింటికే పడిపోతంది,
లేపితే లెగట్లేదు."

కొత్త రేకులేశారు. మళ్లీ గది. మళ్లీ సిలబస్.
మొన్న పొద్దున్న బీచ్ రోడ్డులో
బళ్లు ఆపేసే వేళ నడుస్తుంటే
నా మొదటి బ్యాచ్ కుర్రాడు ఎదురయ్యాడు,
ఇరవై ఆరేళ్లవాడు, రొప్పుతూ.
"షుగరొచ్చింది మేడమ్, నడవమన్నారు."
క్లాస్ ఫస్టు వాడు.
అవును, నా చేతుల మీదుగానే.

ఆ రాత్రి లెక్క వేశాను.
ఏడాదికి డెబ్బై. పదకొండేళ్లు.
ఏడు వందల డెబ్బై పీరియడ్లు
పిల్లల దగ్గర చేబదులు తీసుకుని
ఒక్కటీ తిరిగివ్వలేదు.

ఇవాళ మంగళవారం.
సన్నిబాబు గారు అలవాటుగా
గుమ్మంలో నిలబడి నా వైపు చూస్తున్నారు,
తీసుకుంటారా అన్నట్టు.

సుద్దముక్క బల్ల మీద పెట్టాను.
సైకిల్ పంపు కాలితో అదిమి
వాలీబాల్‌కి గాలి కొడుతున్నాను.
నలభై రెండు మంది చూస్తున్నారు.

ఆయాసం నాకే.