అంకుశం ధర

మంగళవారం. ఎన్నిస్ ఊళ్లో వాన.
గొడుగు సరిగ్గా మడవకుండానే లోపలికొచ్చింది డెర్వ్లా.
ఇరవై ఏళ్లు. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
ఆ వేళకి అటు బస్సు లేదు,
ఉన్న సైకిలుకి ముందు దీపం లేదు.

"కారు చూసుకున్నాను" అంది,
కోటు జేబులో పిల్లికూనని దాచుకున్నదానిలా.
ఫోన్లో ఫొటో:
ముదురు నీలం, పదహారు వందల సీసీ,
మలాకీ కాన్సిడైన్ కొడుకు ముచ్చటపడి తగిలించిన
లావుపాటి సైలెన్సరు గొట్టం,
వెనకద్దానికి నల్ల కాగితం.
పద్దెనిమిది వందల యూరోలు.

నేను కారుని చూడను. నా పని అది కాదు.
ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల దగ్గర
కార్లని కాగితాల్లోంచే ఎరుగుదును.
ఇంజనెంత, పుట్టిందెప్పుడు, ఎన్ని చేతులు మారింది,
రాత్రి ఎక్కడ పడుకుంటుంది, వీధిలోనా, గేటు లోపలా.
ఎర్ర కారుకి ఎక్కువట కదా అని అందరూ అడుగుతారు.
నా ఫారంలో రంగుకి గడే లేదు.

తెర కాసేపు ఆలోచించింది.
నాలుగు వేల మూడు వందల పది.

"దీంతో ఇలాంటివి రెండు కొని
టైర్లు కూడా మార్పించొచ్చు" అంది.
ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమేమిటంటారు.
ఇక్కడ అంకుశం కొనడానికే
రెండు ఏనుగుల్ని అమ్మాలి.

"గొట్టం సంగతి చెప్పకపోతే?"
చెప్పకపోతే చవకే,
ఏదైనా జరిగే రోజు దాకా.

"నల్లపెట్టె పెట్టించుకుంటే?"
నడక చూసి తగ్గిస్తుంది, నిజమే.
రాత్రి పదకొండు దాటి తిప్పితే మాత్రం అలుగుతుంది.
ఆ పిల్ల బతుకు మొదలయ్యేదే పదకొండు దాటాక.
ముసలాళ్లని పక్కకి తిప్పి పడుకోబెట్టే చేతులకి
పెట్టెలో మార్కులు లేవు.

ఈ అంకె నాది కాదని చెప్పాలనిపించింది.
తాను ఎన్నడూ చూడని కుర్రాళ్లు
ఎక్కడో మలుపుల్లో ఆలస్యంగా తొక్కిన బ్రేకులు
ఇలా వాటాలై వచ్చి ఈమె ఒళ్లో పడతాయని.
చెప్పలేదు. టీ ఇచ్చాను.

గురువారం మళ్లీ వచ్చింది.
ఈసారి ఫొటో చూపించలేదు, వర్ణించింది:
బట్టలు కుట్టే బ్రైడీ హెహిర్‌ది, కళ్లు ఆనక అమ్మేస్తోంది.
వెయ్యి సీసీ. చల్లారిన టీ రంగు.
ఎడమ తలుపుకి సొట్ట, అద్దం రబ్బరులో నాచు.
రెండు వేల ఆరు వందలు,
నీలం దానికంటే ఎనిమిది వందలు ఎక్కువ.

తెర ఆలోచించింది.
రెండు వేల నూట తొంభై.
నా పెన్ను లాక్కుని తన అరచేతిలో కూడింది,
అన్నీ కలిపినా పదమూడు వందల ఇరవై మిగులు.
నవ్వలేదు.
"ఆ నీలం దాని పాట బాగుండేది" అంది.
సంతకం పెట్టింది.

మొన్న పొద్దున్న ఆరింటికి
కుక్కతో చర్చి ఎగువన నిలబడి ఉన్నాను.
మిట్ట మీదికి వస్తోంది చల్లారిన టీ,
మొదటి గేరులో, దగ్గుతూ,
వెనక మూడు కార్లు, ఒక పాల లారీ.
ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు.
కళ్లు మూతలు పడుతున్నా రెండు చేతులూ స్టీరింగు మీదే.

అద్దం రబ్బరులో నాచు ఇంకా ఉంది,
కాస్త పెరిగినట్టు కూడా ఉంది.
కారుకి చేసిన మార్పులేవైనా ఉంటే తెలపాలి.
నేనది ఫారంలో రాయలేదు.