ఆదివారం ఎన్నింటికి మొదలు?

నరసాపురం రోడ్డులో రొయ్యల ఫ్యాక్టరీ.
మస్టరు నాది. పేరు బొడ్డు ఏలీషా, టైమ్ కీపర్ని.
రాత్రి పదికి గేటు దగ్గర
ఒక్కో పేరుకీ ఒక టిక్కు,
తెల్లారి ఆరింటికి ఇంకొకటి.
ఈ రెండు టిక్కుల మధ్య ఏమవుతుందో
రాయడానికి మస్టర్లో గడి లేదు.

తల తుంచాలి, ఒలవాలి, నరం లాగాలి.
ఐసు నీళ్ళల్లో వేళ్ళు
మూడో గంటకి ఎవరివో అయిపోతాయి.
క్లోరిన్ వాసన చీరలో దాక్కుని
మొగల్తూరు దాకా వెంట వెళ్తుంది.
"మనవడు నన్ను వాసన పట్టే లేత్తాడండి"
అంటుంది ఓలేటి కాసులమ్మ.

ఆడమనిషి రాత్రి పని చెయ్యాలంటే
ఇష్టపడి సంతకం పెట్టాలంది చట్టం.
వెలుగుండాలి, కాపలా ఉండాలి,
ఇంటి దగ్గర ఎక్కించుకుని
ఇంటి దగ్గరే దింపాలంది.
బండి వస్తుంది. లాకుల దాకా.
అక్కడి వరకూ కాలవ గట్టు మీద
ఫోను లైటు ఒకటి, కాళ్ళు ఎనిమిది.

సమ్మతి కాగితాల మీద వేలిముద్రలు సరిగా పడలేదు.
రొయ్య ముల్లు గీతలన్నీ తినేసింది.
వేలు పెట్టే మిషను కూడా వీళ్ళని నమ్మదు.
అందుకే ఇంకా నేనూ, నా పెన్నూ.

ఆ శనివారం రాత్రి,
కాదు, ఆదివారం,
అదే కదా గొడవ.
రెండూ నలభైకి
గ్రేడింగ్ మిషను బెల్టులో కాసులమ్మ చెయ్యి.
పెద్దగా అరవలేదు.
రొయ్య నెత్తురు ఎర్రగా ఉండదు,
ఐసు ఎర్రబడితే
అందరికీ తెలిసింది.

పాలకొల్లులో కుట్లు పడుతుండగానే
కాంట్రాక్టరు ఫణీంద్ర నా బల్ల మీదికి వంగాడు.
"ఏలీషా గారూ, ఆదివారం ఆవిడకి సెలవు కదండీ.
సెలవు పూట వచ్చి బెల్టులో చెయ్యి పెడితే
కంపెనీకేం సంబంధవండీ?
ఆదివారం గడి ఖాళీగానే ఉంది,
అలాగే ఉండనివ్వండి."
మా వైపు గొంతు కొయ్యడానికైనా
చివర 'అండీ' తగిలిస్తారు.

ధైర్యవంతుణ్ణి కాను.
పిల్ల నర్సింగు ఫీజు రెండో వాయిదా అలాగే ఉంది.
టీకని లేచి గేటు దాకా వెళ్ళాను.
అక్కడ అద్దం వెనక, ఈగల మరకల కింద,
పదకొండేళ్ళుగా నేను వీపు ఆనించి నిలబడ్డ
చట్టం సారాంశం.
కింది నుంచి నాలుగో పేరా:
అర్ధరాత్రి దాటే షిఫ్టు వాళ్ళకి
సెలవంటే, షిఫ్టు అయినప్పటి నుంచి
ఇరవై నాలుగు గంటలు.
పన్నెండు దాటాక చేసిన పని
ముందు రోజు లెక్కలోదే.

రెండుసార్లు చదివాను. పెదాలు కదిపి మూడోసారి.
అంటే కేలండరు చింపుకునేవాడి ఆదివారం వేరు,
మా పాస్టరు గారి ఆదివారం వేరు.
కాసులమ్మది
గ్లౌజులు విప్పి గేటు దాటాకే.
అప్పటిదాకా శనివారమే,
కోడి కూసినా శనివారమే.
నిద్ర ఆపుకోవడం తెలిసినవాడెవడో
రాసి ఉంటాడీ ముక్క.

శనివారం గడిలో, ఎర్ర సిరాతో:
రెండూ నలభై. కుడి చెయ్యి. రెండు వేళ్ళు. డ్యూటీలో.
సంతకం వంకరగా వచ్చింది.
ఫ్రీజరు తలుపు తెరిచి ఉందేమో అనుకున్నాను.

తర్వాత ఏమైందని అడక్కండి.
కాగితం భీమవరం లేబరాఫీసులో ఉందంటారు.
నన్ను పగటి షిఫ్టుకి మార్చారు, మంచికేనన్నారు.
మొన్న కాసులమ్మ గేటు దగ్గరికొచ్చింది,
ఎడం చేత్తో టిఫిను డబ్బా పట్టుకుని.
ఏం చెప్పాలో తెలీక పాత మస్టరు తీశాను.
ఆ రాత్రి పదింటికి టిక్కు ఉంది.
ఆరింటి గడి ఖాళీ.

"అయితే నా ఆదివారం
ఇంకా మొదలవ్వలేదన్నమాట"
అంది, నవ్వకుండా.